కొప్పుపుల్ల కొనేముందు పెన్సిలుతో కొలుచుకో

ప్రశ్న: అక్కా, నమస్తే. నా జుట్టు నడుము దాటి తుంటి దాకా ఉంటుంది, ఒత్తు కూడా ఎక్కువే. స్కూల్లో టీచర్‌ని. పొద్దున్నే జడ వేసుకునే తీరిక లేక క్లచ్చర్ పెట్టేసి బండి మీద పరుగెడతాను. రెండు నెలలకోసారి దాని పళ్లు ఊడతాయి, లేదా స్ప్రింగు పోతుంది. ఈమధ్య హెయిర్ స్టిక్కులు చూసి ముచ్చటపడి, ఆన్‌లైన్‌లో రాళ్లు పొదిగిన జత 350 రూపాయలు పెట్టి తెప్పించాను. వారం తిరక్కుండానే ఒకటి క్లాసులో టప్పున విరిగింది, పిల్లలు ఒకటే నవ్వు. రెండోది జారిపోతూనే ఉంటుంది. విదేశాల్లో చేత్తో చేసినవి బాగుంటాయంటారు గానీ వేలకు వేలు పెట్టలేను. గట్టిగా ఉండి మూడొందల్లోపు వచ్చేది ఏదైనా ఉందా? అమెరికాలో చదువుతున్న మా మేనకోడలిదీ పొడుగు జుట్టే. తనకూ ఒకటి పంపొచ్చా?
– ఒక పాఠకురాలు, గుంటూరు జిల్లా

జవాబు: చెల్లెమ్మా, అక్కా అని పిలిచావు గనక నువ్వు అనే అంటాను, ఏమీ అనుకోకు. జుట్టున్నమ్మ ఏ కొప్పు పెట్టినా అందమే అన్నారు గానీ, ఆ కొప్పును నిలబెట్టే పుల్ల గురించి మన పెద్దవాళ్లు సామెత కట్టలేదు. కట్టి ఉంటే నీ 350 మిగిలేవి.

విరిగిన ముక్కలు పారేయకుండా ఉంటే ఒకసారి వెలుతురులో పట్టి చూడు. విరిగిన చోట బూడిద రంగులో రవ్వరవ్వగా ఉంటే అది పోత లోహం. జింకు కలిపిన చవక మిశ్రమాన్ని అచ్చులో పోసి పైన బంగారు రంగు పూస్తారు. అది వంగదు, ఒక్కసారిగా పుటుక్కుమంటుంది. గాజుముక్కలా నున్నగా మెరుస్తుంటే యాక్రిలిక్కో రెసినో అయి ఉంటుంది. చెక్కదై, ఏటవాలుగా చీలి ఉంటే కర్ర ఎంపికలోనే తప్పుంది. దాని సంగతి కింద చెబుతాను. ఇవేవీ కాక సరిగ్గా రాళ్ల బిళ్ల కిందే విరిగిందా? అయితే ఆ బిళ్ల దిగ్గొట్టడానికి చేసిన చిల్లే కొంప ముంచింది. రాళ్లవి అన్నావు కాబట్టి నా అనుమానం అక్కడే.

ఆ చిన్న చిల్లు అంత పని ఎందుకు చేస్తుందంటే, కొప్పులో పుల్ల ఊరికే గుచ్చుకుని ఉండదు. మధ్యలో తలను అంటిన జుట్టు దాన్ని లోపలికి లాగుతుంటుంది. రెండు పక్కలా కొప్పు అంచులు దాన్ని బయటికి నెడుతుంటాయి. అంటే నువ్వు బోర్డు మీద రాస్తున్నంతసేపూ ఎవరో ఆ పుల్లను విరిచే ప్రయత్నంలోనే ఉన్నట్టు. పెట్టుకునేటప్పుడు తిప్పి దూరుస్తాం చూడు, అప్పుడు బరువు మొత్తం పైభాగం మీద పడుతుంది. అక్కడ చిల్లు గానీ, చెక్కిన సన్నటి మెడ గానీ, జిగురుతో అతికిన పూస గానీ ఉంటే అదే తెగుతుంది. అందుకని నా మొదటి మాట: తల నుంచి మొన దాకా ఒకే ముక్కగా ఉన్నది తీసుకో. సోకు కావాలంటే పక్కన ఒక మల్లెచెండు పెట్టుకో.

రెండో మాట మందం గురించి. గుండ్రటి పుల్లకు బలం మందంతో సమానంగా పెరగదు, అంతకన్నా చాలా వేగంగా పెరుగుతుంది. 5 మిల్లీమీటర్ల పుల్లను 6 చేస్తే బలం 1.7 రెట్లవుతుంది, 7 చేస్తే 2.7 రెట్లు. ఫోటోలో తేడా కనిపించదు, తలలో కనిపిస్తుంది. నీలాంటి ఒత్తు జుట్టుకు చెక్క పుల్ల నడుము దగ్గర 7 నుంచి 8 మిల్లీమీటర్లు ఉండాలి, అక్కణ్నుంచి మొనకు సన్నబడాలి. నాజూగ్గా అగరొత్తి పుల్లల్లా ఉండేవి పల్చటి జుట్టువాళ్లకు సరిపోతాయి.

పొడవు విషయంలో మాత్రం ఎవరి మాటా వినకు, నా మాట కూడా. స్టాఫ్ రూములో నీ దగ్గర పెన్సిళ్లకు కరువుండదు. చెక్కని కొత్త పెన్సిలు సుమారు 17, 18 సెంటీమీటర్ల పొడవు, 7 మిల్లీమీటర్ల మందం ఉంటుంది. కొప్పు చుట్టి దాన్నే గుచ్చు. కొప్పు అంచులు తగిలే రెండుచోట్లా పెన్సిలుకు రబ్బరు బ్యాండు వేసి, బయటికి తీసి మధ్య దూరం కొలువు. దానికి అటు రెండున్నర, ఇటు రెండున్నర సెంటీమీటర్లు కలిపితే అదే నీ కొలత. కొప్పు 10 సెంటీమీటర్లుంటే 15 సెంటీమీటర్ల పుల్ల. ఆన్‌లైన్‌లో రాసే పొడవులో పైన వేలాడే గొలుసులూ పువ్వులూ కూడా కలిపేస్తారు. జుట్టులోకి దిగే భాగం ఎంతో అడిగి కొను.

పొట్టిదైతే జారుతుంది. మరీ పొడుగైతే బస్సులో వెనక నిలబడ్డవాళ్ల కంటికి ప్రమాదం. కిటకిటలాడే ఆర్టీసీ బస్సులో ఒకసారి నా పుల్ల ఒక పెద్దాయన కళ్లజోడును తన్నింది. ఆయన ఏమీ అనలేదు గానీ, ఇంటికొచ్చి దాన్ని రెండు సెంటీమీటర్లు కోయించాను.

ఒక నెల ఆ పెన్సిలుతోనే గడిపి చూడు. నవ్వులాట కాదు. ఆరు పలకలు ఉండబట్టి చాలా స్టిక్కుల కన్నా దానికే పట్టు ఎక్కువ. మెత్తటి కర్ర గనక ఎప్పుడో ఒకప్పుడు విరుగుతుంది, విరిగితే పది రూపాయలు. ఈలోగా నీకు ఒక పుల్ల చాలా, రెండు కావాలా, ఎంత పొడుగు కావాలి అన్నీ తేలిపోతాయి. ఇవి తేలకుండా వెయ్యి పెట్టినా దండగే.

ఇక అసలు ప్రశ్నకొద్దాం, ఎక్కడ కొనాలి? ఫ్యాన్సీ షాపులో జూడా స్టిక్ అని అడిగితే ఇచ్చేవి ఎక్కువగా నువ్వు విరగ్గొట్టుకున్న జాతివే. నేనైతే అప్పడాల కర్రలు చేసేవాళ్ల దగ్గరికి పొమ్మంటాను. మన ఊళ్లలో తరిమెన, అంటే కర్రను గిర్రున తిప్పుతూ చెక్కే సాధనం, పట్టేవాళ్లు ఇంకా ఉన్నారు. మంచం కోళ్లు, పప్పుగుత్తులు, కవ్వాలు చేసేవాళ్లు. తాడు లాగే తరిమెన పోయి కరెంటు లేతు వచ్చింది, అంతే. టేకు కోళ్లు చేయగా మిగిలిన సన్నముక్కలు వాళ్ల కాళ్ల కింద పడి ఉంటాయి. నాకు మా వీధి చివరి ఆయన జత 120 రూపాయలకు చేసిచ్చాడు. అందులో ఒకటి ఎక్కడో పోగొట్టుకున్నాను, రెండోది ఆరేళ్లుగా తలలోనే ఉంది. బేరమాడక్కర్లేదు, వాళ్లకు ఇది పది నిమిషాల పని. కాకపోతే ఏం అడగాలో తెలిసి అడగాలి.

కర్రలో పొడవునా సన్నటి గీతలు కనిపిస్తాయి, అదే నార. ఆ గీతలు ఒక చివర బయల్దేరి రెండో చివర దాకా తెగకుండా పారాలి. సగంలో పక్కకు జారి అంచులో కలిసిపోయాయంటే పుల్ల సరిగ్గా అక్కడే ఏటవాలుగా చీలుతుంది. అప్పడాల కర్ర లావుగా ఉంటుంది గనక దానికి ఈ పట్టింపు లేదు, చిటికెన వేలంత లేని పుల్లకు ఇదే ప్రాణం. కాబట్టి రంపంతో కోసిన ముక్క వద్దని, కత్తితో చీల్చిన ముక్కనే లేతుకెక్కించమని అడుగు. రంపం మనం గీసిన గీత వెంట పోతుంది, చీలిక నార వెంట పోతుంది. కణుపులు ఎక్కడా ఉండకూడదు. 6 మిల్లీమీటర్లకు దింపమంటే ‘లేతు మీద ఊగి విరిగిపోద్దమ్మా’ అంటాడు. నిజమే, వాదించకు. 8 దగ్గర ఆపమను, తక్కినది ఇంటి దగ్గర గరుకు కాగితంతో నువ్వే రుద్దుకోవచ్చు. మొన సూదిలా వద్దు. వాడి వాడి అరిగిన బలపం మొన ఎలా ఉంటుందో అలా ఉండాలి.

టేకులో సహజంగానే నూనె ఉంటుంది, తడికి అంతగా ఉబ్బదు, అందుకే దానికి నా మొదటి ఓటు. జిట్రేగి (రోజ్‌వుడ్) దొరికితే ఇంకా గట్టిది, నున్నగా తేలుతుంది. చండ్రకర్ర రోకలికి వాడిన కర్ర, గట్టిదనం గురించి చెప్పక్కర్లేదు గానీ లేతు ఆయన ఉలి మొద్దుబారుతుందని గొణుగుతాడు. చింతచేవా అంతే. వేప పర్వాలేదు. కొండపల్లి బొమ్మలు చేసే తెల్ల పొణికి మాత్రం అస్సలు పనికిరాదు. బొమ్మకు కావలసిన తేలికదనం, మెత్తదనమే పుల్లకు శత్రువులు.

ఏటికొప్పాక సంగతి వేరు. యలమంచిలి దగ్గర వరాహ నది ఒడ్డున ఉన్న ఆ ఊళ్లో అంకుడు కర్రను లేతు మీద తిప్పుతూ లక్క కడ్డీని ఆనిస్తారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రకు పట్టేస్తుంది. రంగులు పసుపు, జాఫ్రా గింజలు, నీలి లాంటి వాటి నుంచి తీసినవి. కన్నడ దేశపు చన్నపట్న బొమ్మల కర్ర కూడా ఈ చెట్టుదే. ఆ నునుపుకు జుట్టు ఎక్కడా చిక్కుకోదు, అందం సరే సరి. లేపాక్షి షోరూముల్లో, శిల్పారామం సంతల్లో లక్క పూసిన గాజులూ బొమ్మల మధ్య ఇలాంటి పుల్లలు కనిపిస్తే రెండు విషయాలు చూడు. మెడ దగ్గర సన్నటి గాడి చెక్కినవి పక్కన పెట్టు. అంకుడు టేకంత గట్టిది కాదు గనక 8 మిల్లీమీటర్లకు తక్కువైతే తీసుకోకు. ఇంకొకటి, లక్క స్పిరిటులో కరుగుతుంది. పుల్ల తలలో ఉండగా హెయిర్ స్ప్రే, సెంటు కొట్టావంటే రంగు జిగటగా మారి జుట్టుకంటుకుంటుంది. శానిటైజరు చేత్తో కూడా ముట్టుకోకు. ఎండలో నిలిపిన కారు డాష్‌బోర్డు మీద పెట్టడమూ ఇంతే.

వెదురును చిన్నచూపు చూడకు. బరువుండదు, వంగుతుంది గానీ తొందరగా విరగదు. ఊలు అమ్మే కొట్లో వెదురు అల్లిక సూదులు దొరుకుతాయి, వాటి మీద మందం మిల్లీమీటర్లలోనే రాసి ఉంటుంది. 6 గానీ 7 గానీ తీసుకుని నీ కొలతకు కోసి, మొన రుద్దుకుంటే ఒక్క సూదికి రెండు పుల్లలు. నీ మూడొందల్లో సగం కూడా ఖర్చవదు. ఉన్న లోపమల్లా చివర్లో పీచు లేవడం. లేచిన రోజే గరుకు కాగితం పట్టించాలి, లేకపోతే వెంట్రుకలు తెంపుతుంది. హోటళ్లలో నూడుల్స్‌తో ఇచ్చే వాడిపారేసే పుల్లలతో మొదలుపెడతారు చాలామంది. అవి మెత్తటి కర్ర, నిండా పేళ్లు. వద్దు.

లోహం కావాలంటే ముందు ఒక లెక్క చూడు. 6 మిల్లీమీటర్ల మందం, 17 సెంటీమీటర్ల పొడవున్న గట్టి ఉక్కు కడ్డీ 38 గ్రాములు తూగుతుంది. ఇత్తడిదైతే 40 దాటుతుంది. అదే కొలత టేకు పుల్ల 3 గ్రాముల చిల్లర. సాయంత్రానికి మెడ నొప్పి ఎందుకొచ్చిందో వేరే చెప్పాలా? ఉక్కు విరగదు, నిజమే. 4 మిల్లీమీటర్ల సన్నటిదైతే 17 గ్రాములే, కానీ నున్నగా ఉండి జారుతుంది, జుట్టులోకి తాడులా కోసుకుంటుంది. లోపల బోలుగా ఉన్న స్టీలు గొట్టం నయం. ఇత్తడి చెమటకు చిలుమెక్కుతుంది. చవక చెవిదుద్దులు పెడితే దురద వచ్చేవాళ్లకు పూత లోహాలు తల మీదా పడవు, అది నికెల్ పని.

కొమ్ము పుల్లలు మన శ్రీకాకుళం సరిహద్దు అవతల పర్లాకిమిడిలో చేసేవాళ్లున్నారు. చెక్క కన్నా వంగుతాయి, జుట్టుకు చాలా మంచివి. నీళ్లలో నానితే పొరలు లేస్తాయి, బీరువాలో వదిలేస్తే పురుగు తింటుంది. రోజూ వాడేవాళ్లకే అది. సీమంతంలో పాపట తీయడానికి వాడే ఏదుముల్లును కొప్పులో పెట్టుకోవచ్చా అని ఒకావిడ అడిగింది. ఏదుపంది వన్యప్రాణి చట్టం కింద ఉంది, ఆ జోలికి పోకు.

నీ రెండోది జారుతోందన్నావు. తప్పు పుల్లది కొంత, చుట్టడానిది కొంత. తలస్నానం చేసిన రోజు జుట్టు పట్టులా జారుతుంది, ఆ రోజు ఎవరి పుల్లా నిలవదు. తుంటి దాకా ఉన్న జుట్టును ముందు వదులుగా జడ అల్లి, ఆ జడను చుట్టి పుల్ల గుచ్చు. అల్లిక వల్ల పట్టు దొరుకుతుంది, చిక్కు పడదు, పైన పొట్టి వెంట్రుకలు తప్పించుకోవు. గుచ్చేటప్పుడు పుల్లను కొప్పు అంచులోంచి కొద్దిగా దూర్చి, మొనతో తలను అంటిన జుట్టు ఒక పాయను పట్టుకో. పుల్ల తలను బయటికి లేపి, అటునుంచి ఇటు తిప్పేసి, నెత్తిని రాసుకుంటూ కొప్పు కిందుగా అవతలి అంచుకు తోసెయ్. ఆ తిప్పడంలోనే ఉంది కిటుకు. తిప్పకుండా తిన్నగా గుచ్చితే గంటలో బయటికొస్తుంది. సరిగ్గా కుదిరితే తల ఊపినా కదలదు, అయినా ఎక్కడా లాగినట్టుండదు. నుదుటి దగ్గర లాగుతోందంటే విప్పి వదులు చెయ్. రోజూ లాగి కడితే పాపట వెడల్పవుతుంది, ఆ జుట్టు తిరిగి రావడం కష్టం. తడి జుట్టుతో కొప్పు అసలే వద్దు, జుట్టుకూ కర్రకూ రెండింటికీ చేటు.

ఒక్క పుల్లకు నీ జుట్టు బరువు ఆగకపోతే రెండు పుల్లలు ఇంటూ గుర్తులా పెట్టు. లేదా రెండు కాళ్ల చెక్క పిన్ను తీసుకో. దానికి జారుడు తక్కువ గానీ రెండు కాళ్లు కలిసే వంపు దగ్గర నార తప్పకుండా అడ్డం పడుతుంది గనక అక్కడ బాగా మందంగా ఉండాలి.

తయారైన పుల్లను 120 నంబరు గరుకు కాగితంతో మొదలుపెట్టి 220తో రుద్దు. తర్వాత తడిగుడ్డతో ఒకసారి తుడిచి ఆరనివ్వు. పడుకున్న నూగంతా లేచి గరుకవుతుంది. కంగారుపడకు, దాన్ని 400తో తీసేస్తే మళ్లీ లేవదు. పాత నైలాను చీర కొంగు మీద లాగి చూస్తే ఎక్కడైనా పోగు పట్టుకుంటుందేమో తెలుస్తుంది. పైన అవిసె నూనె పల్చగా పట్టించి, పది నిమిషాలకు పూర్తిగా తుడిచేసి, నాలుగైదు రోజులు నీడలో ఆరబెట్టు. ఆ నూనె గుడ్డను ఉండచుట్టి మూల పడేయకు. అవిసె నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది, ముద్దగా ఉంటే దానంతటదే మంట అంటుకోవచ్చు. దండెం మీద విడిగా ఆరేసి తర్వాత పారెయ్. ఇంత బాధ ఎందుకనుకుంటే కొబ్బరినూనె రాసినా సరే, గట్టిపడదు గానీ కర్రకు హాని లేదు. వాడుకలో పుల్లకు తల జిడ్డు పడుతుంది, పొడిగుడ్డతో తుడిస్తే చాలు, నానబెట్టొద్దు.

బండి మీద వెళ్తానన్నావు. హెల్మెట్ కింద పుల్ల పెట్టుకోకు, ఎంత తొందరున్నా సరే. పడితే అది ఎటు దిగుతుందో మన చేతిలో ఉండదు. కారులో వెనక్కి ఆనుకునేటప్పుడూ అంతే. దారిలో జడ వేసుకుని, పుల్ల బ్యాగులో పెట్టుకుని, స్కూలు గేటు దగ్గర చుట్టుకో. అలవాటైతే అర నిమిషం పట్టదు.

మేనకోడలికి నిక్షేపంగా పంపొచ్చు, టేకుదో లక్కపూతదో పంపు. జిట్రేగి, ఎర్రచందనం అంతర్జాతీయ ఆంక్షల జాబితాలో ఉన్న చెట్లు, చిన్న పుల్ల కోసం కాగితాల గొడవ నెత్తికెత్తుకోవద్దు. ఎర్రచందనమైతే మన దగ్గర ఎవరు ఎంత చవగ్గా ఇస్తామన్నా ముట్టుకోకు. ఎవరైనా తీసుకెళ్తుంటే పుల్లను చేతిసంచిలో కాకుండా పెద్ద పెట్టెలో పెట్టమను, మొన ఉన్న వస్తువు చూస్తే విమానాశ్రయంలో ఆపి అడుగుతారు. తన కొప్పు నీ అంతే ఉంటుందని నీ కొలతకు చేయించకు. వీడియో కాల్‌లో తన చేత కూడా పెన్సిలు పెట్టించి, రబ్బరు బ్యాండ్ల మధ్య దూరం స్కేలుతో కొలిపించు. అక్కడి పెన్సిళ్లు చివర రబ్బరుతో కలిపి 19 సెంటీమీటర్ల దాకా ఉంటాయి, మన పెన్సిలు లెక్క వేసుకుంటే తప్పుతుంది.